సీతమ్మధార గొయ్యి

పుష్ప ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టుకోక అది నాలుగో రోజు.

తెల్లారగానే ఆస్పత్రి నుంచి బస్సెక్కి ఆటోనగర్‌లో దిగి, తిన్నగా ఆడపడుచు ఇంటికి వచ్చింది. గుమ్మం మాత్రం దాటలేదు. వీధి అరుగు మీద గోడకి వీపు ఆనించి కూర్చుంది. నిన్న మధ్యాహ్నం ఆమె మొగుడు నూకరాజు కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు. ఆ కాగితం మీద వేలిముద్ర వేసింది పుష్పే. బొటనవేలికి ఆ సిరా ఇంకా పోలేదు.

తాయారు ఉప్మా పళ్లెం తెచ్చి పక్కన పెట్టింది. నూకరాజు తాయారుకి సొంత తమ్ముడు. తల్లి పోయాక ఎత్తుకు పెంచినవాడు. వాడికి దెబ్బ తగిలింది తన మొగుడూ కొడుకూ చేయిస్తున్న పనిలో. అందుకే ఈ నాలుగు రోజులూ ఎవరి ముందు ఏడవాలో కూడా తెలియక తిరుగుతోంది.

"రెండు ముద్దలు తినీయే పుష్పా. నీకేటైనా అయితే ఆడికి ఎవులు సేత్తారు?"

"నాకు తిండొద్దొదినా." పుష్ప పళ్లెం వైపు చూడలేదు. "గట్టు పడిపోద్దని తెలిసే మా ఆయన్ని గోతిలోకి దింపేరా, తెలీక దింపేరా? ఆ ఒక్క మాట సెప్పండి. ఈ ఇంట్లో ఎవులు సెప్పినా సరే."

తాయారు లోపలికి చూసింది. 

లోపల తాయారు కొడుకు కన్నబాబూ, అతని భార్య నీలిమా ఒక కాగితానికి చెరో పక్క కూర్చుని ఉన్నారు. సీతమ్మధారలో అయిదంతస్తుల అపార్టుమెంటు కడుతున్న శ్రీరామ్మూర్తి గారు నిన్న సాయంత్రం మనిషినిచ్చి పంపిన కాగితం అది. ఆ అపార్టుమెంటు కాంక్రీటు పని, ఐరన్ పని కన్నబాబు కాంట్రాక్టు. సెల్లారు కోసం ఇరవై అడుగుల లోతు తవ్విన గోతిలో, రెండు రోజులు వాన పడ్డాక, తూర్పు గట్టు ఒక్కసారిగా విరిగి పడింది. కింద ఇనుప చువ్వలు కడుతున్న నూకరాజు మొలదాకా మట్టిలో కూరుకుపోయాడు.

కాగితంలో ఉన్నది నాలుగే వాక్యాలు. నూకరాజు ఎవరూ చెప్పకుండా, తనంతట తానే గోతిలోకి దిగాడని అందులో సారాంశం. కింద కన్నబాబు సంతకానికి చోటు వదిలారు.

సంతకం పెడితే ఆస్పత్రి సంగతి శ్రీరామ్మూర్తి గారే చూసుకుంటారని, నూకరాజు మావయ్య లేచి కూర్చున్నాక వాచ్‌మన్ పని కూడా ఇస్తానన్నారని కన్నబాబు రాత్రి నుంచి చెప్పిందే చెబుతున్నాడు. కేసులంటూ తిరిగితే ఈ ఊళ్లో మళ్లీ ఎవడూ పిలిచి పనివ్వడన్నాడు.

"తనంతట తాను దిగేడని నువ్వు రాసిస్తే, తప్పంతా ఆయన మీదకే పోతుంది," అంది నీలిమ. "రేపు ఆయన ఏ ఆఫీసుకెళ్లి ఏం అడిగినా ఈ కాగితమే చూపిస్తారు. కాలు పోయినోడి చేతులు కూడా మనమే కట్టేసినట్టు."

"మరి తప్పెవరిది? నీ ఉత్తరం అందనే లేదంటన్నారు శ్రీరామ్మూర్తి గారు."

"అందలేదంటే ఎలా? మీ నాన్నే పట్టుకెళ్లి ఇచ్చేరు."

నీలిమ పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసింది. ఈ ఇంటి కాంట్రాక్టులకి సంబంధించిన డ్రాయింగులూ ఉత్తరాలూ ఆమె చూస్తుంది. గట్టు కూలడానికి పన్నెండు రోజుల ముందు సైటుకి వెళ్లి, తూర్పు వైపు మట్టిలోంచి నీరు ఊరడం చూసి వచ్చి, శ్రీరామ్మూర్తి గారికి ఎనిమిది వరసల ఉత్తరం రాసింది. గట్టుకి రేకులు కొట్టి, దన్ను కర్రలు పెట్టేదాకా గోతిలో పని ఆపుతున్నామని. ఆ ఉత్తరం పట్టుకుని వెళ్లింది మామగారు, మేస్త్రి సింహాద్రి.

ఆయన పెరటి గుమ్మంలో కూర్చుని చెప్పులు తొడుక్కుంటున్నాడు. కోడలి మాట విన్నాడు. ఒక చెప్పు కాలికి పెట్టుకుని, రెండోది చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"మీరే చెప్పండి మావయ్యా. ఎవరి చేతికిచ్చేరు?"

"పదకొండింటికి అక్కడుండాల కదా," అన్నాడు సింహాద్రి. "బస్సు దొరకదు. బయల్దేరండి."

* * *

మద్దిలపాలెంలో బస్సు డిపో దాటాక, మందుల షాపు పై అంతస్తులో హేమశ్రీ గారి గది. ప్రభుత్వంలో ముప్పై ఏళ్లు భవనాల ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు. ఇప్పుడు బిల్డర్లకీ కాంట్రాక్టర్లకీ తగవొస్తే ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. అగ్రిమెంటు చివరి పేజీలో, ఏ తగవొచ్చినా కోర్టుకి పోకముందు ఇద్దరికీ నచ్చిన మూడో మనిషి దగ్గర కూర్చోవాలని ఒక షరతు ఉంది. నీలిమ పట్టుబట్టి రాయించింది. అప్పుడు శ్రీరామ్మూర్తి గారు నవ్వి, "మనకీ మనకీ తగవేంటమ్మా" అంటూనే సంతకం పెట్టారు.

పుష్ప కూడా వాళ్ల వెంటే వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. మెట్ల మీద కూర్చుంది. ఉక్కగా ఉందని గది తలుపు తీసే ఉంచారు.

ఒకరు మాట్లాడుతుంటే రెండోవాళ్లు మాట్లాడకూడదన్నారు హేమశ్రీ గారు. ఎవరు మంచివాళ్లో ఎవరు కారో తనకి చెప్పొద్దని, ఏం చూశారో ఏం చేశారో అదే చెప్పమని అన్నారు.

ముందు శ్రీరామ్మూర్తి గారు చెప్పారు. గొంతు ఎత్తలేదు. తాను కట్టిన మొదటి ఇల్లు సింహాద్రి చేతుల మీదే లేచిందని, ఇరవయ్యారేళ్లలో ఇద్దరి మధ్య మాట తేడా రాలేదని చెప్పారు. జరిగినదానికి మూడు రాత్రులు నిద్ర పట్టలేదన్నారు. ఆ మాట అబద్ధంలా లేదు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. కానీ ఉత్తరం మాత్రం రాలేదన్నారు. ఆఫీసుకి వచ్చిన ప్రతి కాగితం రాసుకునే పుస్తకం తెచ్చి, ఆ తేదీ ఉన్న పేజీ తీసి టేబుల్ మీద పెట్టారు. అందులో నీలిమ ఉత్తరం ఊసే లేదు.

నీలిమ తన దగ్గరున్న నకలు తీసి పక్కన పెట్టింది. హేమశ్రీ గారు రెండూ చూసి కళ్లద్దాలు పైకి తోసుకున్నారు.

"ఉత్తరం పట్టుకెళ్లింది మీరే కదా సింహాద్రి గారూ? ఎవరికిచ్చారు?"

సింహాద్రి లేచి నిలబడ్డాడు. కూర్చునే చెప్పమన్నారు ఆవిడ. అతను కూర్చోలేదు.

"ఇవ్వనేదమ్మా."

నీలిమ మామగారి వైపు తిరిగింది. కన్నబాబు చేతిలోని ఫోను బల్ల మీద పెట్టేశాడు.

"ఎల్లడం ఎల్లేను," అన్నాడు సింహాద్రి. "బాబుగోరు కులాసాగా ఉన్నారు. కుర్సీ ఎయ్యమన్నారు. టీ తెప్పించేరు. ఇన్నేళ్ల బట్టీ ఈయనతోటి నాను కాయితం మీద మాటాడనేదు. జేబులోంచి తీడానికి సెయ్యి రానేదమ్మా. నోటితోటే సెప్పేను. గట్టు సెమ్మగిల్లతంది బాబూ, రేకులెట్టాలని."

"ఆయనేమన్నారు?"

"ముందు పునాది ఫుటింగులు పడిపోనీ, రెండ్రోజులాగు అన్నారు. రేకుల కోసం ఆగేను, పని ఆపనేదు. రెండ్రోజులు పదిరోజులయినా అడగనేదు. గొడవెందుకని."



సింహాద్రి శ్రీరామ్మూర్తి గారి వైపు తిరిగాడు. "బాబూ, ఆ మాట తవరు అన్నారా, నేదా?"

శ్రీరామ్మూర్తి గారు జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నారు. మడిచి మళ్లీ జేబులో పెట్టుకున్నారు.

"రోజుకి వంద మాటలు మాట్లాడతాను సింహాద్రీ. నాకు గుర్తులేదు."

సింహాద్రి తల ఊపాడు.  నీలిమకి కళ్లలో నీళ్లు తిరిగాయి. అది కోపమో, దుఃఖమో ఆమెకే తెలియలేదు. తన ఉత్తరం నకలు ఇప్పుడు అందరి కళ్ల ముందూ ఉంది, ఉత్తరం మాత్రం చేరవలసిన రోజున ఎవరి చేతికీ చేరలేదు.

హేమశ్రీ గారు ఇద్దరి మాటా రాసుకున్నారు. కలం మూత పెట్టి, ఆ మాట అన్నారో లేదో తేల్చడానికి ఇంకా రెండు మూడు సార్లు కూర్చోవలసి ఉంటుందని చెప్పారు. తర్వాత, ఏదో చిన్న సంగతి అడిగినట్టు అడిగారు.

"గట్లకి ఇప్పుడు దన్ను పెట్టించారా?"

శ్రీరామ్మూర్తి గారు కన్నబాబు వైపు చూశారు. కన్నబాబు కిందికి చూశాడు.

"పోలీసులొచ్చి రాసుకుని వెళ్లిపోయారు కదా. పని ఆగే ఉంది కదా?" అని మళ్లీ అడిగారు ఆవిడ.

"తూర్పు వైపు ఎవర్నీ పెట్టలేదు మేడమ్," అన్నాడు కన్నబాబు. "పడమటి వైపే చేత్తన్నారు. నిన్నట్నుంచి."

"పడమటి గట్టుకి రేకులున్నాయా?"

"లేవు."

"అదీ ఆ మట్టేనా?"

కన్నబాబు బల్ల మీది ఫోను తీసి జేబులో పెట్టుకున్నాడు. మేనమామని ఆపరేషన్ గదిలోకి తోసుకెళ్తున్న వేళకి, ఏడుగురు మనుషుల్ని మళ్లీ ఆ గోతిలోకి దింపాడు అతను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పని ఆగితే కాంట్రాక్టు వేరేవాళ్లకి పోతుందని శ్రీరామ్మూర్తి గారు అన్న మాట ఒక్కటే ఆ రోజు అతని చెవిలో ఉంది. నీలిమ అతని పక్కనుంచి కుర్చీ కొంచెం దూరం జరుపుకుంది.

హేమశ్రీ గారు ఫైలు మూసేశారు.

"మనుషుల్ని గోతిలో ఉంచి, ఇక్కడ ఫ్యాను కింద కూర్చుని తప్పెవరిదో మాట్లాడుకుందామా? అది నావల్ల కాదు. గొయ్యి ఖాళీ అయిందని నాకు ఫోన్ చెయ్యండి. అప్పుడు మళ్లీ కూర్చుంటాను."

కాంక్రీటు బళ్లు అప్పుడే బయల్దేరిపోయాయన్నారు శ్రీరామ్మూర్తి గారు. ఇప్పుడు ఆపితే మాలంతా బండిలోనే గడ్డకట్టిపోతుందని, రెండింటికల్లా పడమటి వరస పూర్తయితే సాయంత్రం రేకుల సంగతి తానే చూస్తానని అన్నారు.

"రెండు గంటలే కదా నాన్నా," అన్నాడు కన్నబాబు.

సింహాద్రి కొడుకుని చూశాడు. తానే మాట్లాడినట్టు అనిపించింది. గది దాటి బయటికి వచ్చాడు.

మెట్ల మీద పుష్ప లేచి నిలబడి ఉంది. అంతా విన్నది. సింహాద్రి ఆమెకి రెండు మెట్లు పైన ఆగిపోయాడు.

"అన్నయ్యా, మీ అంత మంచోరు నేరని మా ఆయన అందరికీ సెప్పుకునేవోడు," అంది పుష్ప. అరవలేదు. అరిచి ఉన్నా బాగుండేది.

సింహాద్రి తల దించుకున్నాడు.

"తిట్టడానికి తర్వాతైనా టయిముంది పుష్పా. సైటుకి పోదాం రా. అక్కడింకా ఏడుగురున్నారు."

* * *

ఆటోలో నీలిమ, పుష్ప వెనక కూర్చున్నారు. సింహాద్రి డ్రైవరు పక్కన సర్దుకుని తాయారుకి ఫోన్ చేశాడు. ఆమె ఆస్పత్రిలో తమ్ముడి మంచం దగ్గర ఉంది.

"ఆ కాయితం నాను ఇవ్వనేదు," అన్నాడు. "నాలుగు రోజుల బట్టీ నీకు సెప్పనేదు."

అవతల మందుల బండి చక్రాల చప్పుడు, ఎవరో ఎవరినో పిలవడం వినిపించాయి. తాయారు ఊపిరి వినిపించింది. 

"ఆడు నిద్దర్లో కాలు గోక్కోడానికి సెయ్యి సాపుతున్నాడు," అంది చివరికి. "కాలు నేదు కదా. దుప్పటి గోకుతున్నాడు."

తర్వాత ఫోను పెట్టేసింది.

సీతమ్మధారలో ఆటో దిగేసరికి సన్నగా తుంపర మొదలైంది. సైటు చుట్టూ నీలం రేకుల కంచె. లోపల గొయ్యి. తూర్పు వైపు విరిగి పడిన ఎర్రమట్టి కుప్ప అలాగే ఉంది. నూకరాజుని తీయడానికి తవ్విన చోట బొరియలా మిగిలింది. పుష్ప ఆ చోటుని మొదటిసారి చూసింది. చూసి, ముఖం తిప్పుకోకుండా అలాగే నిలబడింది.

పడమటి గట్టు కింద ఏడుగురూ ఇనుప చువ్వలు కడుతున్నారు. వాళ్ల తలల మీద గట్టు నిలువుగా, తడిగా ఉంది. పైకి రావడానికి ఒకటే ఇనుప నిచ్చెన.

పైకి వచ్చేయమని సింహాద్రి కేకేశాడు. వాళ్లు తలెత్తి చూశారు కానీ కదలలేదు. వాళ్లలో పెద్దవాడు, బళ్లు వచ్చేస్తున్నాయని, వరస పూర్తి చేసేదాకా ఎక్కొద్దని కన్నబాబు చెప్పాడని కింద నుంచి జవాబిచ్చాడు. మేస్త్రి మాట వినాలా, మేస్త్రి కొడుకు మాట వినాలా అన్నట్టు ఒకళ్ల ముఖాలొకళ్లు చూసుకున్నారు.

సింహాద్రి నిచ్చెన దగ్గరికి నడిచాడు. పక్కనే పుష్ప ఉందని తెలుసు. ఆమె వైపు చూడలేదు.

"ఈ గట్టు బాగోనేదని నాకు ముందే తెలుసు," అన్నాడు కింద ఉన్నవాళ్లతో. "తెలిసే నూకరాజుని దింపేను. ఆడికి సెప్పనుకూడా సెప్పనేదు. మీకు సెబుతున్నాను. సువ్వలు అక్కడే ఒగ్గీసి పైకి రండి."

పుష్ప చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాలుగు రోజులుగా అరుగు మీద కూర్చుని అడిగిన మాటకి జవాబు అది. ఆమె భుజం మీద నీలిమ చెయ్యి వేయబోయింది. పుష్ప వేయనివ్వలేదు.

గోతిలో పెద్దవాడు ముందు కట్టుతీగ కింద పడేశాడు. ఒక్కొక్కరే నిచ్చెన దగ్గరికి వచ్చారు. మొదటివాడు పైకి రాగానే సింహాద్రి చెయ్యి అందించాడు. రెండోవాడు వచ్చాడు. మూడోవాడు నిచ్చెన సగంలో ఆగి తడి గట్టు వైపు చూశాడు. ఇంతసేపూ అక్కడే నిలబడి పని చేసినవాడికి, పైకి ఎక్కుతున్నప్పుడు భయం తెలిసింది. ఏడోవాడు పైకి వచ్చేదాకా నీలిమ వేళ్లు మడిచి లెక్కపెడుతూనే ఉంది.

అప్పుడే కన్నబాబు మోటారు సైకిలు కంచె దగ్గర ఆగింది. ఖాళీ గొయ్యి చూశాడు. తుంపరలో తడుస్తూ పక్కగా నిలబడ్డ తన మనుషుల్ని చూశాడు.

"ఇక అయిపోనాది," అన్నాడు తండ్రితో. "ఈరోజుతో మన పేరు ఈ ఊళ్లో అయిపోనాది. నువ్వు ఇవ్వని కాగితానికి నాను బలయ్యేను. తెలుసా నీకు?"

"తెలుసు," అన్నాడు సింహాద్రి.

 తండ్రి వాదిస్తాడనుకున్నాడు కన్నబాబు. వాదిస్తే ఇంకా పది మాటలు అందామనుకున్నాడు.

గొయ్యి ఖాళీ అయిందని హేమశ్రీ గారికి చెప్పడానికి నీలిమ ఫోను తీసింది. నంబరు నొక్కుతుండగానే రేకుల గేటు అవతల బండి ఆగిన చప్పుడైంది. వచ్చింది కాంక్రీటు బండి కాదు. వ్యాను. అందులోంచి పదిమంది దిగారు. నెత్తిన తువ్వాళ్లు, చేతుల్లో కట్టుతీగ చుట్టలు. ఒడిశా వైపు మనుషులు. ఈ గోతి సంగతి తెలిసినవాళ్లు కారు. వెంట వచ్చిన శ్రీరామ్మూర్తి గారి సూపర్‌వైజరు వాళ్లకి నిచ్చెన చూపించాడు.

నీలిమ ఫోను చెవి దగ్గర నుంచి దించేసింది.

 సింహాద్రి నిచ్చెనకి అడ్డంగా నిలబడి, రెండు చేతులూ చెరో కమ్మీ మీద వేశాడు. వెనక ఇరవై అడుగుల గొయ్యి. అడ్డు లెమ్మని సూపర్‌వైజరు మొదట మర్యాదగానే చెప్పాడు. రెండోసారి చెయ్యి పట్టుకున్నాడు. తుంపర వానగా మారింది. వచ్చినవాళ్లు తెలియని భాషలో ఏదో అడుగుతున్నారు. పుష్ప వెళ్లి సింహాద్రికి పక్కన, ఆయన్ని తాకకుండా, జానెడు ఎడంగా నిలబడింది.

కన్నబాబు ఫోను మోగింది. శ్రీరామ్మూర్తి గారు.

"కన్నబాబూ, జరిగింది జరిగింది. నీ కాంట్రాక్టు నీకే ఉంటుంది," అన్నారాయన. అప్పటికీ గొంతు ఎత్తలేదు. "మీ నాన్నని చెయ్యి పట్టుకుని పక్కకి తప్పించు. నువ్వైతే గొడవ కాదు. వేరేవాళ్లు తప్పిస్తే బాగోదు."

కన్నబాబు నిచ్చెన వైపు నడిచాడు. సూపర్‌వైజరు సింహాద్రి చెయ్యి వదిలి, అతనికి దారిచ్చాడు. కన్నబాబు తండ్రికి ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు. వాన నీళ్లు ఇద్దరి ముఖాల మీద నుంచీ కారుతున్నాయి. సింహాద్రి కమ్మీలు వదల్లేదు. కొడుకుని పక్కకి పొమ్మనీ అనలేదు, తన పక్కకి రమ్మనీ అనలేదు.

"వినబడుతోందా కన్నబాబూ?" అంటున్నారు ఫోనులో శ్రీరామ్మూర్తి గారు. "వినబడుతోందా?"